గడప దాటని సాక్ష్యం

(సత్యరాణి చద్దా స్మృతిలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



ఈ సభ సత్యరాణి చద్దా గారి స్మృతికి. ఆహ్వానపత్రం చూసేదాకా ఆ పేరు వినలేదని మీలో కొందరు నాతో అన్నారు. అందులో మీ తప్పు లేదు. ఆమె తెలుగు మనిషి కాదు, పదవిలో ఉన్న మనిషీ కాదు. ఢిల్లీలో ఒక మధ్యతరగతి ఇల్లాలు. 1979లో, పెళ్లయి ఏడాది కూడా నిండని ఆమె కూతురు కడుపుతో ఉండగా అత్తవారింట్లో కాలి చనిపోయింది. అంతకు కొద్ది రోజుల ముందే అల్లుడు స్కూటర్ కావాలన్నాడు. ఆ రోజు మొదలు 2014 జులైలో తాను కన్నుమూసేదాకా ఆ తల్లి న్యాయం అడుగుతూనే ఉన్నారు. అడుగుతూ అడుగుతూ పరాయి బిడ్డల కోసం ఒక ఇంటి తలుపు తెరిచారు. ఆ ప్రయాణంలో మొదటి సగం గురించి పత్రికలు చాలా రాశాయి. రెండో సగమే పెద్దదని నేననుకుంటాను.

ఈ సాయంత్రం నా వాదన ఒక్కటే. మన న్యాయవ్యవస్థ చనిపోయిన స్త్రీ మాటకు ఇచ్చిన విలువ బతికున్న స్త్రీ మాటకు ఇవ్వలేదు. కోపంతో అంటున్న మాట కాదిది. సాక్ష్య చట్టంలో, శిక్షాస్మృతిలో, అంతకంటే ముందు మన ఇళ్లలో నేను చూస్తూ వచ్చిన సంగతి.

మొదట ఆ స్కూటర్ దగ్గర ఆగుదాం.

వరకట్న నిషేధ చట్టం దేశానికంతటికీ 1961లో వచ్చింది. మూడేళ్ల ముందే, 1958లో, ఆంధ్రప్రదేశ్ తనకు తానుగా ఒక వరకట్న నిషేధ చట్టం చేసుకుంది. దాని గురించి మనం గర్వపడాలో సిగ్గుపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు. చట్టం ముందుగా చేసుకున్నామంటే జబ్బు ముందుగా ముదిరిందనే కదా. 1961 చట్టం కట్నాన్ని పెళ్లికి ‘ప్రతిఫలంగా’ ఇచ్చే ఆస్తి అని నిర్వచించింది. ఒప్పందాల చట్టం చదువుకున్నవాళ్లకు ప్రతిఫలం అనే మాట బరువు తెలుసు. ఇది ఇస్తేనే అది, అది లేకపోతే ఇది లేదు అనేది అందులోని అర్థం. మరి పెళ్లయిపోయిన ఎన్నో నెలలకు అడిగిన స్కూటర్ దేనికి ప్రతిఫలం? తాళి కట్టడం ఎప్పుడో అయిపోయింది కదా! ఆ రోజుల్లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన వ్యాఖ్యానం ఇదే. పెళ్లి తర్వాత అడిగేది పెళ్లికి ప్రతిఫలం కాదు, కాబట్టి కట్నం కాదు. సత్యరాణి గారి కూతురి కేసులోనూ ఆ స్కూటర్ కట్నం లెక్కలోకి రాలేదు.

మన ఇళ్లలో కట్నం ఒక్కరోజు వ్యవహారం కాదని ఏ తెలుగు తల్లినడిగినా చెబుతుంది. తాంబూలాల నాడు మాట్లాడుకున్నది ఒకటి. పెళ్లిపీటల మీద లాంఛనాల పేరున అడిగేది మరొకటి. ఆడబిడ్డ కట్నం, మొదటి పండక్కి అల్లుడికి పెట్టేవి, శ్రీమంతానికి, పురిటికి, బిడ్డ బారసాలకి ఇచ్చేవి ఇంకొన్ని. ఆ తర్వాత వ్యాపారంలో నష్టం, ఇంటి మీద మరో అంతస్తు, మరిది చదువు. అడిగేవాళ్లకు ఇదంతా ఒకే ఖాతా. 1961 చట్టం రాసినవాళ్లు ఆ ఖాతాలో మొదటి పేజీ ఒక్కటే చదివి పుస్తకం మూశారు.

1984లో ఆ నిర్వచనం మారింది. ‘ప్రతిఫలంగా’ అన్న మాట పోయి ‘పెళ్లికి సంబంధించి’ అన్న మాట వచ్చింది. 1986లో పెళ్లి తర్వాత ‘ఎప్పుడైనా’ అని చేర్చారు. సత్యరాణి గారి వంటి తల్లులు కోర్టు మెట్ల మీద, పార్లమెంటు వీధిలో కూతుళ్ల ఫొటోలు పట్టుకుని నిలబడకపోతే ఆ రెండు మాటలు మారేవని నేననుకోను. అయితే మాట మారినంత మాత్రాన చదువు మారదు. 2007లో మహారాష్ట్ర నుంచి వచ్చిన అప్పాసాహెబ్ కేసులో, ఇంటి ఖర్చులకూ పొలంలో ఎరువుకూ అడిగిన వెయ్యి, పన్నెండొందల రూపాయలు కట్నం కిందికి రావని సుప్రీంకోర్టు అంది. అవసరానికి అడిగిన డబ్బు అది, కట్నం వేరు అని. ఎరువు బస్తా కోసం పుట్టింటికి పంపిన పిల్ల ఆ తేడా విని ఏమనుకునేదో! ఇల్లు కట్టడానికి అడిగిన డబ్బు కూడా కట్నమేనని అదే కోర్టు 2022 జనవరిలో తేల్చింది. ఆ ధర్మాసనానికి అధ్యక్షత వహించింది మన ఎన్.వి. రమణ గారు. స్కూటర్ నుంచి ఇంటి గోడ దాకా రావడానికి చట్టానికి నలభై ఏళ్లు పైబడి పట్టింది.

సత్యరాణి గారిని ఒంటరి తల్లిగా చూపించే కథనాలతో నేను ఏకీభవించను. ఆమె వీధిలోకి వచ్చేనాటికి ఆ వీధిలో మనుషులున్నారు. వాళ్లలో మొదటివాళ్లు మనవాళ్లే. 1974లో ఉస్మానియా విద్యార్థినులు పెట్టుకున్న ప్రగతిశీల మహిళా సంఘం మరుసటి ఏడాదే హైదరాబాద్‌లో కట్నానికి వ్యతిరేకంగా ఊరేగింపులు తీసింది. స్వతంత్ర భారతంలో ఆధునిక స్త్రీ ఉద్యమపు తొలి కట్న వ్యతిరేక నిరసనలుగా చరిత్రకారులు వాటినే చెబుతారు. ఎమర్జెన్సీ రాగానే ఆ గొంతు నొక్కేశారు. నాలుగేళ్ల తర్వాత ఆ నినాదం ఢిల్లీలో మళ్లీ లేచింది. కాలిన గాయాలతో ఉన్న ఒక యువతి అత్తింటివాళ్లే తనకు నిప్పంటించారని చెప్పి చనిపోయినా పోలీసులు ఆత్మహత్య అని రాసుకున్నారు. 1979 జూన్‌లో స్త్రీ సంఘర్ష్ అనే మహిళా సంఘం సభ్యులు ఆ ఇంటి ముందుకు ఊరేగింపుగా వెళ్లారు. ఇంటి గుట్టు అని వదిలేసిన విషయాన్ని ఆ ఇంటి గుమ్మం ముందే నిలబడి ప్రశ్నించడం అప్పటికి కొత్త.

ఇక చనిపోయే మనిషి మాట గురించి. ఈ వృత్తిలో నాకు మొదటి పాఠం నేర్పింది పుస్తకం కాదు, ఒక పెద్దాసుపత్రిలోని కాలిన గాయాల వార్డు. 1980ల చివర అది. ఒక యువతి మంచం చుట్టూ దోమతెర, దాని కింద అరటాకులు పరిచారు. బట్ట తగిలితే చర్మం ఊడి వస్తుందని. మేజిస్ట్రేటు గారు వచ్చి బంధువులందరినీ బయటికి పంపించారు. పేరేమిటి, ఈ ఊరేది, ఇప్పుడు పగలా రాత్రా అని అడిగి, ఆమె స్పృహలో ఉందని డాక్టరు చేత రాయించుకుని, అప్పుడు వాంగ్మూలం మొదలుపెట్టారు. చివర వేలిముద్ర కావాలి. చేతి వేళ్లు మిగల్లేదు. కాలి బొటనవేలికి సిరా రాసి కాగితానికి అద్దారు. ఆ ముద్ర ఈనాటికీ నా కళ్ల ముందుంది. ఇరవై రెండేళ్ల జీవితంలో ఆమె చెప్పినదాన్ని ప్రభుత్వం శ్రద్ధగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నది ఆ అరగంటే.

ఆ శ్రద్ధకు కారణం 1872 నాటి సాక్ష్య చట్టం 32వ సెక్షన్. చావుకు ముందు మనిషి అబద్ధమాడడని పాత ఇంగ్లిష్ న్యాయం నమ్మింది. మన చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. తాను చనిపోతానని ఆ మనిషికి తెలిసి ఉండనక్కర్లేదంది. ఆ సెక్షన్ ఎంత దూరం పోతుందో తేల్చిన కేసు తెలుగు నేల మీదిదే. పిఠాపురం నుంచి బాకీ డబ్బు కోసం బరంపురం వెళుతున్నానని భార్యతో చెప్పి బయల్దేరిన మనిషి పెట్టెలో శవమై దొరికాడు. భార్యతో ఆయన అన్న ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందని 1939లో ప్రివీ కౌన్సిల్ తీర్పు ఇచ్చింది. పాకాల నారాయణస్వామి కేసు అంటే దేశంలో న్యాయశాస్త్రం చదివే ప్రతివాళ్లకూ తెలుసు. 1984లో శారదా కేసులో, చనిపోయిన కోడలు అక్కకూ స్నేహితురాలికీ రాసిన ఉత్తరాలు కూడా ఆ సెక్షన్ కింద సాక్ష్యమే అవుతాయని సుప్రీంకోర్టు అంది.

ఇక్కడ నాతోపాటు ఒక్క క్షణం ఆలోచించండి. ఆ ఉత్తరం రాసిన నాడు దాని విలువ ఎంత? ‘నన్ను ఇక్కడ ఉండనివ్వడం లేదు, వచ్చి తీసుకుపో’ అని ఆడపిల్ల రాస్తే ఆ ఉత్తరం పుట్టింటి పెట్టె అడుగుకు చేరుతుంది. దానికి జవాబు ‘కాస్త ఓర్చుకో అమ్మా’ అని వెళుతుంది. పోలీసు స్టేషన్‌లో చూపిస్తే, ఇది మీ ఇంటి విషయం, పెద్దమనుషుల్లో పెట్టుకోండి అంటారు. ఆమె చనిపోయిన మరునాడు అదే కాగితం ప్రాసిక్యూషన్‌కు ఎగ్జిబిట్ పి-1 అవుతుంది. రాత అదే, సిరా అదే. మధ్యలో మారింది ఒక్కటే, రాసినామె ఇప్పుడు లేదు.

1983 డిసెంబరులో, భార్య పట్ల భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వాన్ని నేరం చేస్తూ శిక్షాస్మృతిలోకి 498ఏ సెక్షన్ వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆత్మహత్య చేసుకుంటే, క్రూరత్వం రుజువైతే, భర్తే ప్రేరేపించాడని కోర్టు భావించవచ్చునన్న 113ఏ సాక్ష్య చట్టంలో అప్పుడే చేరింది. 1986లో శిక్షాస్మృతిలో 304బి, దానికి తోడుగా సాక్ష్య చట్టంలో 113బి వచ్చాయి. ఏడేళ్లలోపు కాలిన గాయాల వల్లగానీ, మామూలు కాని మరే విధంగాగానీ మరణం సంభవించి, చావుకు ‘కొంచెం ముందు’ కట్నం కోసం వేధించారని చూపగలిగితే, అది వరకట్న మరణమని కోర్టు భావించి తీరాలి. నిరూపించుకునే భారం నిందితుల వైపు పోయింది. నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షులెవరుంటారన్న ప్రశ్నకు చట్టం కనిపెట్టిన సమాధానమిది. నిజంగానే గొప్ప మార్పు. 2024 జులై నుంచి కొత్త నేర సంహితల్లో ఇవే సెక్షన్లు వేరే నంబర్లతో కొనసాగుతున్నాయి. జిల్లా కోర్టుల్లో మాత్రం ఇప్పటికీ ‘ఫోర్ నైంటీ ఎయిట్ కేసు’ అనే అంటున్నారు, ఇంకో తరం దాకా అంటారు.

అయితే గమనించండి. ఈ మార్పుల్లో బలమైన నిలువెత్తు గోడంతా చావు చుట్టూ కట్టారు. బతికున్నామెకు దక్కింది 498ఏ ఒక్కటే. దాని మీద పడినన్ని అనుమానాలు మరే సెక్షన్ మీదా పడలేదు. 2005లో ఒక తీర్పు దాని దుర్వినియోగాన్ని ‘న్యాయ ఉగ్రవాదం’తో పోల్చింది. 2014 జులై 2న, సత్యరాణి గారు కన్నుమూసిన ఆ రోజుల్లోనే, అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, యాంత్రికంగా అరెస్టులు చేయవద్దని పోలీసులను ఆదేశించింది. 2017లో ఫిర్యాదును ముందుగా కుటుంబ సంక్షేమ కమిటీలు పరిశీలించాలని అదే కోర్టు అంది. మరుసటి ఏడు సుప్రీంకోర్టే ఆ కమిటీలను తీసేసింది. ముసలి అత్తమామలను, ఊళ్లో లేని ఆడబిడ్డను కేసులోకి లాగిన ఫిర్యాదులు నేనూ చూశాను. వాళ్ల తరఫున వాదించాను కూడా. అరెస్టుకు ముందు ఆలోచించమనడంలో తప్పు లేదు. నేనడిగేది వేరు. దొంగతనం కేసులోనూ అబద్ధపు ఫిర్యాదులుంటాయి, చెక్ బౌన్సు కేసులోనూ ఉంటాయి. ఫిర్యాదు చేసిన మనిషినే ముందు పరీక్షించాలన్న ఆలోచన ఈ ఒక్క చోటే ఎందుకు పుట్టింది?

ఈ ప్రశ్నకు సత్యరాణి గారు వాదనతో కాదు, పనితో జవాబిచ్చారు. కూతుర్ని అలాగే పోగొట్టుకున్న మరో తల్లి ఢిల్లీలో ఉన్నారు. అందరూ షాజహాన్ ఆపా అని పిలిచేవారు. ఇద్దరి మతం వేరు, బతుకులు వేరు, దుఃఖం ఒక్కటే. 1987లో వాళ్లిద్దరూ కలిసి ‘శక్తి శాలిని’ని నిలబెట్టారు. చనిపోయినవాళ్ల కోసం కేసులు నడపడంతో మొదలైన పని, చనిపోకముందే బయటపడ్డవాళ్లకు నీడనివ్వడం దాకా వచ్చింది. కొట్టించుకుని, బిడ్డను చంకనేసుకుని రాత్రిపూట వచ్చిన మనిషిని ‘నీ దగ్గర రుజువేమిటి’ అని అడగకుండా లోపలికి రానివ్వడం. ఆ గుమ్మం దగ్గర సాక్ష్య చట్టం వర్తించదు. నా దృష్టిలో సత్యరాణి చద్దా జీవితంలోని అసలు తీర్పు ఇదే. దాన్ని ఇచ్చింది ఏ న్యాయమూర్తీ కాదు, ఇద్దరు తల్లులు.

ఆ గుమ్మం చట్టంలోకి రావడానికి ఇంకో పద్దెనిమిదేళ్లు పట్టింది. 2005లో గృహహింస నిరోధక చట్టం చేసి, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో పెట్టారు. కొట్టడమే కాదు, మాటలతో హింసించడం, డబ్బు చేతికివ్వకపోవడం కూడా హింసేనంది ఆ చట్టం. ఇంటి పట్టా ఎవరి పేరున ఉన్నా బాధితురాలిని ఆ ఇంట్లోంచి గెంటేయరాదంది. ఆ ఇల్లు అత్తమామలదైనా సరే అని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది మాత్రం 2020లో. దరఖాస్తు పెట్టిన మూడు రోజుల్లో మొదటి వాయిదా, అరవై రోజుల్లో పరిష్కారం అని చట్టంలో రాసి ఉంది. మన కోర్టుల్లో గృహహింస కేసుకు డి.వి.సి. నంబరు వేసి, అవతలివాళ్లకు నోటీసు అందేసరికే ఆ అరవై రోజులు గడిచిపోతాయి. చట్టం చెప్పిన రక్షణాధికారి పని మన దగ్గర స్త్రీ శిశు సంక్షేమ శాఖ జిల్లా అధికారికి అప్పగించారు. అంగన్‌వాడీల లెక్కల మధ్య, సమీక్షల మధ్య, జిల్లాకంతటికీ ఆ అధికారే.

కోర్టులను తప్పుపట్టి నేను తప్పుకోలేను. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 మధ్య జరిగింది. పెళ్లయిన స్త్రీలలో భర్త చేతిలో హింస అనుభవించినవాళ్లు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఆ అంకెల కంటే నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. ఫలానా కారణాలుంటే భర్త భార్యను కొట్టవచ్చునని ఒప్పుకున్న స్త్రీలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 84 శాతం దాకా ఉన్నారు. దేశంలో మనమే ముందున్నాం. హింసకు గురైనవాళ్లలో సాయం అడిగింది దేశం మొత్తం మీద 14 శాతమే. 77 శాతం ఎవరికీ చెప్పనే లేదు.

ఈ 84ను చదివి ఆడవాళ్లను నిందించడం తేలిక. ఆడపిల్లంటే ‘ఆడ’ పిల్లే, ఈడ పిల్ల కాదు అనే మాట మనమంతా విన్నాం. మనలో కొందరం అన్నాం కూడా. పుట్టిల్లు పరాయిదని చిన్నప్పటి నుంచి నేర్పి, అత్తిల్లు నీదని పంపించి, అక్కడివాళ్లు ఇది నీది కాదని గెంటినప్పుడు, ఆ పిల్ల నిలబడడానికి మిగిలింది రెండు గడపల మధ్య రోడ్డే. దెబ్బలు న్యాయమేనని ఒప్పుకుంటే కనీసం ఒక గడపైనా మిగులుతుంది. ఆ ఒప్పుకోలు అజ్ఞానం అనిపించదు నాకు. ఇంకెక్కడికీ పోయే దారి లేని మనిషి వేసుకున్న లెక్క అది.

1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి గారు, ఇష్టం లేని భార్యను కాపురానికి రమ్మని కోర్టు శాసించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చారు. సుప్రీంకోర్టు మరుసటి సంవత్సరమే ఆ అభిప్రాయాన్ని కాదంది. ఆ డిక్రీ కోర్టు ఇచ్చినా ఇవ్వకపోయినా తెలుగునాట పుట్టిళ్లు మాత్రం రోజూ ఇస్తూనే ఉన్నాయి. పండక్కి వచ్చి తిరిగి వెళ్లనన్న కూతురికి.

సత్యరాణి గారి కేసు సంగతి చెప్పి ముగిస్తాను. కూతురు చనిపోయిన ఇరవయ్యొకటో ఏట, 2000లో, ఆత్మహత్యకు ప్రేరేపించాడన్న నేరం కింద అల్లుడికి శిక్ష పడింది. హైకోర్టులో అప్పీలు తేలడానికి మరో పదమూడేళ్లు పట్టింది. 2013లో శిక్ష ఖాయమైంది. అతడు లొంగిపోలేదు. ఆమె కన్నుమూసేనాటికి కూడా జైలుకు వెళ్లలేదు. ముప్పై నాలుగేళ్ల పోరాటానికి కాగితం మీద గెలుపు అని పేరు. ఆ మధ్యకాలంలో శక్తి శాలిని గుమ్మం తొక్కిన ఆడవాళ్లు బతికి ఉన్నారు కనుక వాళ్ల పేర్లు ఏ తీర్పులోనూ లేవు.

ఇందాక చెప్పిన వార్డులోని పిల్ల మూడో రోజు పోయింది. ఏడాదిన్నర తర్వాత ఆమె తల్లి బోనెక్కింది. అవతలి న్యాయవాది అనుభవజ్ఞుడు, మాట మెత్తన. ‘మీ అమ్మాయిని హింసిస్తున్నట్టు మీకు ముందే తెలుసా అమ్మా?’ అన్నారు. తెలుసంది. ‘ఎన్నిసార్లు చెప్పింది?’ మూడుసార్లంది. ‘నిజంగా హింసిస్తుంటే ఏ తల్లయినా కూతుర్ని మళ్లీ ఆ ఇంటికే పంపుతుందా?’ ఆమె చాలాసేపు మాట్లాడలేదు. కోర్టు హాలులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత ఏదో అంది. ఏడుపులో మాట స్పష్టంగా లేదు. టైపిస్టు ఆగి న్యాయమూర్తి వైపు చూశాడు. ఆయన నెమ్మదిగా చెప్పి రాయించారు: ‘మూడుసార్లూ నేనే బస్సెక్కించాను.’